తగరం ఏరేది ఆదివాసీ, చిట్టెంలో సొమ్ము ఎవరిది?

2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీసు మెమొరాండం విడుదల చేసింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాలు తవ్వే ప్రాజెక్టులకు ఇకమీదట ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని, లీజు విస్తీర్ణం ఎంత ఉన్నా వాటి అనుమతులను కేంద్ర స్థాయిలోనే పరిశీలిస్తామని అందులో ఉంది. లిథియం గురించి, అరుదైన మృత్తికల గురించి అందరూ మాట్లాడారు. ఆ కీలక ఖనిజాల జాబితాలో తగరం కూడా ఉంది. తగరం వెంట దొరికే టాంటలమ్, నియోబియం కూడా ఉన్నాయి.

మన దేశంలో తగరం ఖనిజం ఉత్పత్తి చేసే రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ ఒక్కటే. అందులోనూ దక్షిణ బస్తర్‌లోని దంతెవాడ, సుక్మా జిల్లాలే దానికి ఆధారం. భద్రాచలం దాటి కుంట మీదుగా పైకి పోతే తగిలే ప్రాంతం అది. అక్కడ తగరం ప్రధానంగా పెద్ద పెద్ద యంత్రాలతో రాలేదు. వాగుల్లో, పొలాల పక్కన, గుట్టల అంచుల్లో మట్టి తవ్వి, నీళ్లలో కడిగి, ఆ నల్లటి బరువైన రేణువులను ఏరి తెచ్చింది ఆదివాసీ ఆడవాళ్లు, మగవాళ్లు.

ఆ ఖనిజానికి ఇప్పుడు "కీలకం" అని పేరొచ్చింది. దాని నుంచి తగరం తీశాక మిగిలే చిట్టెంకు కూడా విలువ ఉందని అందరికీ తెలిసింది. అయితే ఏరే మనిషికి ఆ ఖనిజం మీద హక్కు మాత్రం రాలేదు. ఆమెకు ఉన్నది ఏరుకునే, అమ్ముకునే అనుమతి మాత్రమే. అనుమతికీ హక్కుకూ మధ్య ఉన్న ఈ తేడాలోనే చిట్టెం సొమ్మంతా జారిపోతోందని మేం అంటున్నాం. అదెలాగో అర్థం కావాలంటే ముందు తగరం ఎలా వస్తుందో చూడాలి.

వాగు నుంచి కొలిమి దాకా

తగరం ఖనిజం పేరు కాసిటరైట్. అది తగరం, ఆక్సిజన్ కలిసిన ఆక్సైడ్. స్వచ్ఛమైన కాసిటరైట్‌లో 78 శాతానికి పైగా తగరమే. నీటికంటే దాదాపు 7 రెట్లు బరువు. మామూలు ఇసుక నీటికంటే రెండున్నర రెట్లే బరువు కాబట్టి, వెడల్పాటి పళ్లెంలో మట్టి పోసి నీళ్లలో తిప్పుతుంటే ఇసుక కొట్టుకుపోతుంది, కాసిటరైట్ అడుగున నిలుస్తుంది. బస్తర్‌లో 1970లలో భూగర్భ శాస్త్రవేత్తలు ఈ నిక్షేపాలను గుర్తించాక ఆదివాసీ కుటుంబాలు చేస్తున్న పని ఇదే. వినడానికి తేలిక. గంటల తరబడి నడుం వంచి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి చేసే పని అది. బండరాయిలో ఉన్న ఖనిజాన్ని పగలగొట్టాల్సి వస్తే ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

చేతి పని పట్టుకోలేనిది ఒకటుంది: సన్న పొడి. రేణువు ఎంత చిన్నదైతే, బరువు తేడా అంత తక్కువగా పనిచేస్తుంది. మిల్లీమీటరులో వందో వంతు స్థాయి రేణువులు నీళ్లతోనే కొట్టుకుపోతాయి. పెద్ద గనుల్లోనూ ఇదే ఇబ్బంది. అందుకే పాత గనుల పక్కన పోగుపడ్డ మడ్డిలో బోలెడు తగరం ఉండిపోయింది. ఇప్పుడు వేగంగా తిరిగే యంత్రాలతో, రసాయనాల నురగకు రేణువులను అంటించి పైకి తేలే పద్ధతితో దాన్ని వెనక్కి తీస్తున్నారు. పెరూలోని శాన్ రఫాయెల్ గని దగ్గర దశాబ్దాల పాటు పారబోసిన మడ్డిలో సుమారు 1 శాతం తగరం ఉందని లెక్కగట్టి, దానికోసమే ఒక కొత్త ప్లాంటు కట్టారు. ఒకప్పటి చెత్తకుప్ప ఇప్పుడు వాళ్లకు గని అయింది.

తరవాతి మెట్టు కొలిమి. కాసిటరైట్‌ను బొగ్గుతో, సున్నపురాయితో కలిపి 1,200 నుంచి 1,300 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. బొగ్గు ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, తగరం ద్రవంగా కిందకు దిగుతుంది. రాతి భాగం కరిగి పైన తేలుతుంది. అదే చిట్టెం. కొలిమి దగ్గర దాన్ని స్లాగ్ అంటారు.

ఇక్కడే ఒక చిక్కు. ఖనిజంలో ఎప్పుడూ కొంత ఇనుము ఉంటుంది. ఆక్సిజన్‌ను వదులుకోవడంలో ఇనుము, తగరం ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. కొలిమిని గట్టిగా నడిపితే ఇనుము కూడా లోహంగా మారి తగరంలో కలిసిపోతుంది. మెల్లగా నడిపితే తగరం చిట్టెంలోనే ఉండిపోతుంది. అందుకే మొదటిసారి వచ్చే చిట్టెంలో 10 శాతం దాటి తగరం మిగలడం మామూలే. ముడిరాయిలో 1 శాతం తగరం ఉంటేనే మంచి గని అంటారు. అంటే కొలిమి పక్కన పారబోసే బూడిదరంగు గడ్డలు చాలా గనుల కంటే గొప్ప ఖనిజం.

ఆ తగరాన్ని తీసే దారులు రెండు. మొదటిది, చిట్టెంను మళ్లీ కొలిమిలో వేసి ఇంకా గట్టిగా కాల్చడం. అప్పుడు ఇనుము, తగరం కలిసిన ఒక గట్టి ముద్ద వస్తుంది. దాన్ని మొదటి కొలిమిలో తిరిగి వేస్తారు. రెండోది, గంధకం ఉన్న పైరైట్ లాంటి ఖనిజాన్ని కలపడం. తగరం గంధకంతో కలిసి ఆవిరై లేస్తుంది, గాలి తగలగానే మళ్లీ ఆక్సైడ్ పొడిగా మారుతుంది. ఆ పొడిని పెద్ద సంచుల్లాంటి వడపోతల్లో పట్టుకుంటారు. ఇలా చేస్తే చిట్టెంలో మిగిలే తగరం 1 శాతం కంటే కిందకు వస్తుంది. తక్కువ రకం ఖనిజాలకూ ఈ పద్ధతి పనికొస్తుంది. కాకపోతే గంధకపు పొగ లేస్తుంది. ఖనిజంలో ఆర్సెనిక్ ఉంటే అదీ ఆ పొడిలోకే వస్తుంది. వడపోత సంచులు దులిపే పని ఎవరికి అప్పజెబుతారో వేరే చెప్పక్కర్లేదు.

తగరం పోయాక మిగిలేది

తగరం మొత్తం తీసేశాక కూడా కొన్ని చిట్టెంలలో సొమ్ము ఉంటుంది. బస్తర్ తగరం పెగ్మటైట్ అనే రాళ్లలోంచి వచ్చింది. ఆ రాళ్లలోనే కొలంబైట్–టాంటలైట్ అనే ఖనిజం ఉంది. దాని నుంచే నియోబియం, టాంటలమ్ వస్తాయి. బస్తర్–మల్కన్‌గిరి ప్రాంతంలో దాన్ని సేకరిస్తున్నది కేంద్రం ఆధ్వర్యంలోని అణు ఖనిజాల డైరెక్టరేట్. ఈ ఖనిజం కూడా బరువైనదే కాబట్టి కడిగేటప్పుడు కాసిటరైట్‌తో కలిసి అడుగున నిలుస్తుంది. వేరు చేయకుండా కొలిమిలో వేస్తే తగరం కిందకు దిగిపోతుంది, టాంటలమ్, నియోబియం చిట్టెంలో చేరతాయి. మొబైల్ ఫోన్లలోని కెపాసిటర్లకు టాంటలమ్ కావాలి. రాకెట్ ఇంజిన్ల భాగాలకు, ప్రత్యేక ఉక్కులకు నియోబియం కావాలి. టాంటలమ్ ధర తగరం ధరకు ఎన్నో రెట్లు.

అదే చిట్టెంలో యురేనియం, థోరియం కూడా తక్కువ మోతాదులో ఉండడం సాధారణం. టాంటలమ్ తీయాలంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడాలి. ఒంటిమీద పడితే ఎముక దాకా దిగే ఆమ్లం అది. టాంటలమ్ పోయాక మిగిలే మడ్డిలో రేడియోధార్మిక పదార్థాలు మొదటికంటే చిక్కగా ఉంటాయి. కాబట్టి చిట్టెంలో ఉన్నవి రెండు: ఒకటి సొమ్ము, ఇంకొకటి ముప్పు. ఇది తెలిసిన దేశాల్లో ఆ రెండూ ఎవరెవరికి చేరాయో చూద్దాం.

థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవిలో 1960ల నుంచి పెద్ద తగరం కొలిమి నడిచింది. చాలాకాలం అక్కడి చిట్టెంకు విలువ లేదు. రోడ్ల కింద, పల్లపు స్థలాల్లో నింపారు. 1970ల చివర టాంటలమ్ ధర ఆకాశానికి ఎగబాకింది. అప్పుడు పరిచిన చిట్టెం కోసమే జనం నేల తవ్వారు. 1980ల మొదట్లో ప్రపంచానికి కావాల్సిన టాంటలమ్‌లో పెద్ద భాగం ఆగ్నేయాసియా తగరపు చిట్టెం నుంచే వెళ్లింది. తరవాత ఫుకెట్‌లోనే టాంటలమ్ కర్మాగారం కట్టారు. ఆ ఆమ్లం, ఆ వ్యర్థం తమ ఊళ్లను ఏం చేస్తాయో ఎవరూ చెప్పలేదని స్థానికులు తిరగబడ్డారు. 1986 జూన్ 23న, ఇంకా ఉత్పత్తి మొదలుకాకముందే, ఆ కర్మాగారం మంటల్లో కాలిపోయింది. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. జనాన్ని ముందే కూర్చోబెట్టి మాట్లాడితే వినాల్సిన మాటను, మంటలు లేచాక విన్నారు.

మలేషియాలోని ఇపో నగరం దగ్గర బుకిట్ మేరాలో జరిగింది ఇంకా దారుణం. తగరం కడిగాక మిగిలే బరువైన ఇసుకలో మోనజైట్ ఉంటుంది. దాని నుంచి అరుదైన మృత్తికలు తీయడానికి ఏషియన్ రేర్ ఎర్త్ కంపెనీ 1982లో పని మొదలుపెట్టింది. జపాన్‌కు చెందిన మిత్సుబిషి అందులో వాటాదారు. మిగిలిన థోరియం వ్యర్థం ఊరి చుట్టుపక్కల చేరింది. 1985లో ఊరివాళ్లు కోర్టుకు వెళ్లారు. 1992లో హైకోర్టు ఫ్యాక్టరీ మూసేయమంది. 1993 చివర పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఊరివాళ్లు వెనక్కి తగ్గలేదు. 1994 మొదట్లో కంపెనీయే మూసుకుని వెళ్లింది. ఆ స్థలాన్ని శుభ్రం చేయడానికి ఆ తరవాత సుమారు 10 కోట్ల డాలర్లు ఖర్చయింది. లోహాలు ఓడల్లో వెళ్లిపోయాయి. థోరియం ఊళ్లో ఉండిపోయింది.

ఒక కిలో లెక్క

మళ్లీ బస్తర్‌కు వద్దాం. ఆదివాసీలు ఏరిన ఖనిజాన్ని ఛత్తీస్‌గఢ్ ఖనిజాభివృద్ధి కార్పొరేషన్ కొంటుంది. దళారులు ఉప్పు, బట్ట ఇచ్చి ఖనిజం పట్టుకుపోయే పద్ధతి కంటే ఇది నయం. ఇటీవలి సంవత్సరాల్లో కొనుగోలు ధర పెంచారు, డబ్బును నేరుగా బ్యాంకు ఖాతాలో వేసే ఏర్పాటూ చేశారు. ఇవి మంచి మార్పులు. ఇవి పోవాలని మేం అనడం లేదు. ఇక్కడితో ఆగకూడదంటున్నాం.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఏరి, బాగా కడిగిన ఖనిజంలో 65 శాతం తగరం ఉందనుకుందాం. లండన్ లోహాల ఎక్స్ఛేంజిలో టన్ను తగరం 30 వేల డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. అప్పుడు కిలో తగరం 2,550 రూపాయలు. కిలో ఖనిజంలో ఉన్న తగరం విలువ సుమారు 1,650 రూపాయలు. ప్రభుత్వానికి రావాల్సిన రాయల్టీ, అందులోని తగరం విలువపై 7.5 శాతం చొప్పున, సుమారు 124 రూపాయలు. కరిగించే ఖర్చు, రవాణా, తరుగు తీసేస్తే మిగిలేదాంట్లో ఏరిన మనిషి వాటా ఎంత? ఈ లెక్క కొనుగోలు కేంద్రంలో గోడమీద రాసి ఉండాలి. ఆమె తెచ్చింది ఎంత శాతం ఖనిజమో, ఆ రోజు అంతర్జాతీయ ధర ఎంతో, ఆమెకు ఎంత ఇస్తున్నారో గోండిలోనో, ధుర్వాలోనో, హల్బీలోనో చదివి చెప్పే మనిషి ఉండాలి.

ధర నిలకడగా ఉండేదీ కాదు. 2022 మార్చిలో టన్ను తగరం 50 వేల డాలర్లు దాటింది. అదే ఏడాదిలోనే 18 వేల దరిదాపులకు పడిపోయింది. వ్యాపారికి ఇలాంటి ఒడుదొడుకులు తట్టుకునే పద్ధతులున్నాయి. వాగులో నిలబడ్డ మనిషికి లేవు. ధర పడినప్పుడు ఆమె ఆదాయం పడిపోతుంది. ధర లేచినప్పుడు ప్రభుత్వం సవరించేదాకా ఆమె ఎదురుచూడాలి. బయటి వ్యాపారికి అమ్ముకుంటే గనులు, ఖనిజాల చట్టం కింద అక్రమ రవాణా కేసు.

ఈ లెక్కంతా తగరానికే. చిట్టెంలో చేరే టాంటలమ్, నియోబియం సంగతి వేరు. కొలిమి గేటు దాటాక ఏ చిట్టెం ఎవరి ఖనిజం నుంచి వచ్చిందో చెప్పే మార్గం ఉండదు. రేపు ఆ కుప్పను ఏ కంపెనీయో కొని అందులోని లోహాలు తీస్తే, ఆ లాభం నుంచి కాటేకల్యాణ్ దారిలో ఉన్న ఊరికి ఒక్క పైసా రావాలని చెప్పే నిబంధన ముందే ఉండాలి. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

తలుపులు ఎటు తెరుచుకున్నాయి

గత మూడేళ్లలో వచ్చిన చట్టాలను వరసగా పెట్టి చూద్దాం.

2023లో గనుల చట్టాన్ని సవరించి 24 కీలక ఖనిజాల జాబితా చేర్చారు. వాటి లీజుల వేలం అధికారం కేంద్రం చేతికి పోయింది. అంతకుముందు అణు ఖనిజాల జాబితాలో ఉన్న నియోబియం, టాంటలమ్‌లను అందులోంచి తీసి ప్రైవేటుకు తెరిచారు. అదే ఏడాది నియోబియంపై రాయల్టీని సగటు అమ్మకపు ధరలో 3 శాతంగా పెట్టారు.

2025 ఆగస్టులో మళ్లీ సవరించారు. ఇప్పటికే లీజు ఉన్నవాళ్లు అదే లీజులో దొరికే వేరే ఖనిజాన్ని చేర్చుకోవచ్చు. అది కీలక ఖనిజమైతే అందుకోసం అదనపు సొమ్ము కట్టక్కర్లేదు. లీజు ఉన్నవాడికి తోడు ఖనిజం అలా కలిసివస్తుంది. లీజు లేకుండా ఏరుకునే మనిషికి అలాంటి సదుపాయం ఏదీ లేదు.

2025 జనవరిలో ప్రకటించిన జాతీయ కీలక ఖనిజాల మిషన్‌లో గనుల మడ్డి, బూడిద, చిట్టెం లాంటి వాటి నుంచి లోహాలు తీసే ప్రయోగాలకు సాయం ఉంది. పాత వస్తువుల నుంచి లోహాలు తీసే కంపెనీలకు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం కూడా వచ్చింది. ఆ తరవాత సెప్టెంబరు మెమొరాండం ప్రజాభిప్రాయ సేకరణను తీసేసింది.

ఇప్పుడు ఏరే మనిషి వైపు చూద్దాం. అటవీ హక్కుల చట్టం ఆమెకు తునికాకు, ఇప్పపువ్వు, తేనె, చింతపండు లాంటి చిన్న అటవీ ఫలసాయంపై యాజమాన్య హక్కు ఇచ్చింది. తగరం ఖనిజం అందులోకి రాదు. 1996 పెసా చట్టం ఇసుక, కంకర లాంటి చిన్న తరహా ఖనిజాల లీజులకు గ్రామసభ సిఫారసు తప్పనిసరి చేసింది. తగరం చిన్న తరహా ఖనిజం కాదు, పెద్ద ఖనిజం. కాబట్టి ఆ రక్షణా వర్తించదు. మిగిలిన ఒక్క కిటికీ బహిరంగ విచారణ. అక్కడ ఎన్ని లోపాలున్నా, పోలీసుల మధ్య జరిగినా, ఊరివాళ్ల మాట అధికారిక కాగితం మీదకు ఎక్కేది అక్కడే. దాన్నీ మూసేశారు.

అనుమతి మీద బతికే మనిషికి జరిగేది ఇదే. రేపు ఆ వాగు ఉన్న ప్రాంతాన్ని ఒక బ్లాకుగా గీసి వేలం వేస్తే, 50 ఏళ్లుగా అక్కడ ఖనిజం ఏరిన కుటుంబం ఆ కాగితాల్లో ఎక్కడా కనిపించదు. లీజుదారు ఆమెను కూలికి పిలవొచ్చు, పిలవకపోవచ్చు.

హైదరాబాద్‌కు, విశాఖకు ఇందులో పాత్ర లేదా?

ఇది ఎక్కడో బస్తర్ గొడవ అనుకుంటే పొరపాటు. బస్తర్ ఖనిజాల నిర్ణయాల్లో చాలా భాగం తెలుగు నేలమీదే జరుగుతాయి. అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. టాంటలమ్, నియోబియం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సూ హైదరాబాద్‌లోనే ఉంది. తగరం ప్రాంతం పక్కనే బైలదిలా ఇనుప గనులు నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే. బైలదిలా ఖనిజం కిరండూల్–కొత్తవలస రైలుమార్గంలో విశాఖ రేవుకు దిగుతుంది. గనుల మడ్డి మాత్రం శంఖిని, డంకిని నదుల్లోకి దిగి ఎర్రగా పారింది.

2005 తరవాత సల్వాజుడుం భయానికి ఇల్లూ పొలం వదిలి గోదావరి ఇవతలికి వచ్చిన ఆదివాసీలు నేటికీ భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లో ఎస్టీ ధ్రువపత్రం లేకుండా, పోడు పట్టా లేకుండా బతుకుతున్నారు. వాళ్లు వదిలొచ్చిన నేల కింద ఏముందో దేశమంతటికీ తెలుసు. వాళ్లెవరో మాత్రం రికార్డుల్లో లేదు.

ఈ సమస్యకు ఒక జవాబు కూడా తెలుగు నేలమీదే పుట్టింది. విశాఖ మన్యంలోని నిమ్మలపాడు, బొర్రా ప్రాంతంలో గనుల లీజులపై సమత సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. అక్కడి ఖనిజాలను ఆదివాసీలే, ఒంటరిగా గానీ సహకార సంఘాలుగా గానీ, ప్రభుత్వ ఆర్థిక సాయంతో తవ్వుకోవచ్చని చెప్పింది. లాభాల్లో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధి నిధికి వెళ్లాలన్న మాట కూడా అందులో ఉంది.

ఆ తీర్పు ఆంధ్రప్రదేశ్ భూబదలాయింపు చట్టం మీద వచ్చింది. 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టే దానిపై సందేహాలు వెలిబుచ్చి, మధ్యప్రదేశ్ చట్టం వేరని చెప్పింది. ఛత్తీస్‌గఢ్‌కు వచ్చింది ఆ మధ్యప్రదేశ్ చట్టమే. అయినా సమత చూపిన పద్ధతికి అడ్డేమీ లేదు. చేతిపళ్లెంతో తీయగలిగే ఖనిజం, దశాబ్దాల అనుభవం ఉన్న మనుషులు, కొనడానికి ఉన్న ప్రభుత్వ సంస్థ, ఇవన్నీ బస్తర్‌లో ఉన్నాయి. సహకార సంఘానికి లీజు ఇవ్వడానికి ఇంతకంటే అనువైన ఖనిజం మరొకటి లేదు. భూగర్భ సంపదంతా ప్రభుత్వానిదే అనే చట్టమేదీ లేదని 2013లో కేరళ భూముల కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతినీ ఇక్కడ గుర్తుచేస్తున్నాం.

బస్తీలో ఉన్న గని

తగరం కథ అడవితో ముగియదు. ప్రపంచంలో వాడే తగరంలో దాదాపు సగం సోల్డర్‌కే పోతుంది. టీవీలో, ఫోన్‌లో, కంప్యూటర్‌లో భాగాలను సర్క్యూట్ బోర్డుకు అతికించే టంకం అది. పాత రకం సోల్డర్‌లో 60 శాతం తగరం, మిగతాది సీసం. సీసం లేని కొత్త రకంలో 95 శాతానికి పైగా తగరమే. గనిలో 1 శాతం తగరం కోసం కొండలు పగలగొడుతున్న కాలంలో, ఇంత చిక్కటి ఖనిజం పాత సామాన్ల కుప్పలో ఉంది.

ఆ కుప్ప దగ్గర ఎవరున్నారు? ఢిల్లీ సీలంపూర్‌లోనైనా, మురాదాబాద్‌లోనైనా, మన నగరాల స్క్రాప్ బస్తీల్లోనైనా బోర్డును మంటమీద పెట్టి టంకం కరిగించేది ఎక్కువగా దళితులు, ముస్లింలు, వలస వచ్చిన పేదలు. కరిగే సోల్డర్ నుంచి లేచే సీసపు పొగ వాళ్ల పిల్లల రక్తంలోకి వెళ్తుంది. ఈ–వ్యర్థాల కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. రీసైక్లింగ్ ధ్రువపత్రాల లెక్క మొదట బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియానికి పెట్టారు. రిజిస్టరైన పెద్ద యూనిట్లకు ధ్రువపత్రాలు, ప్రోత్సాహకాలు అందుతాయి. బోర్డు ఏరి, విప్పి, వేరు చేసిన మనిషి అక్కడ "అనధికార రంగం". అడవిలో "అనుమతి" అన్న మాట చేసే పనినే బస్తీలో "అనధికారం" అన్న మాట చేస్తోంది.

చెత్తను ముట్టుకునే పని పుట్టుకను బట్టి పంచిన సమాజం మనది. చెత్తకు విలువ లేనన్నాళ్లు ఆ పని మనకు వదిలేశారు. అందులో టాంటలమ్ ఉందని, తగరం ఉందని తెలిశాక ఆ పని "పరిశ్రమ" అయింది, దానికి లైసెన్సు వచ్చింది, బ్యాంకు రుణం వచ్చింది. ఆ పనిలో రాటుదేలిన చేతులకు మాత్రం ఆ లైసెన్సు దొరకలేదు. చచ్చిన పశువు తోలు విషయంలో మన తాతలు చూసింది ఇదే. చర్మం ఒలిచే పని మాదిగ పేటల్లో మిగిలింది, చెప్పుల కంపెనీలు ఊరి అవతల లేచాయి.

"దేశానికి కావాలి" అన్న మాట

దీనికి ఎదురు వాదన ఒకటుంది. దేశానికి తగరం కావాలి, దాదాపు అంతా దిగుమతే, బస్తర్ ఉత్పత్తి ఏడాదికి కొన్ని పదుల టన్నులే, ఇలా చేత్తో ఏరితే ఎప్పటికి సరిపోతుంది అంటారు. తగరం కావాలన్నది నిజమే. చిట్టెం నుంచి, మడ్డి నుంచి, పాత బోర్డుల నుంచి లోహం తీస్తే కొత్త కొండలు తవ్వే అవసరం తగ్గుతుంది. అది ఆదివాసీ ఊళ్లకూ మేలే. కాబట్టి ఈ సాంకేతికతకు మేం వ్యతిరేకం కాదు. తవ్వకం తగ్గించే సాంకేతికత అడవికి మిత్రుడు.

అయితే ఊరి మాట వినకపోవడానికీ దేశ అవసరానికీ సంబంధం ఏమిటి? ఫుకెట్‌లో వినలేదు, కర్మాగారం కాలిపోయింది. బుకిట్ మేరాలో వినలేదు, ఫ్యాక్టరీ మూతపడింది, శుద్ధికి కోట్ల డాలర్లు పోయాయి. వినకపోతే పని తొందరగా అవుతుందన్నది ఈ రెండు చోట్లా అబద్ధమని తేలింది. ఉత్పత్తి చిన్నది కాబట్టి పట్టించుకోనక్కర్లేదన్న వాదనకు కూడా అర్థం లేదు. ఉత్పత్తి చిన్నగా ఉన్నప్పుడే న్యాయమైన పద్ధతి పెట్టడం తేలిక. వేలాల్లో పెద్ద కంపెనీలు దిగాక ఆ వాటా అడగడం ఎంత కష్టమో బైలదిలా చూసినవాళ్లకు తెలుసు.

అందుకే మేం అడుగుతున్నవి స్పష్టంగా చెబుతున్నాం.

ఒకటి, దక్షిణ బస్తర్‌లో తగరం ఏరే కుటుంబాల జాబితా తయారుచేసి, వాళ్ల సహకార సంఘాలకే లీజు ఇవ్వాలి. కార్పొరేషన్ కొనుగోలుదారుగా, సాంకేతిక సాయం చేసేదిగా ఉండాలి. కార్పొరేషన్ పేరు ముందు పెట్టి వెనక ప్రైవేటు కాంట్రాక్టరు తవ్వే పద్ధతి ఉండకూడదు.

రెండు, కొనేటప్పుడే ఖనిజంలో తగరంతోపాటు టాంటలమ్, నియోబియం ఎంతున్నాయో పరీక్షించి ధరలో కలపాలి. చిట్టెం అమ్మినా, దాని నుంచి లోహం తీసినా ఏరినవాళ్ల సంఘానికి వాటా రావాలి.

మూడు, చిట్టెం ఎక్కడ పోస్తున్నారో, అందులో రేడియోధార్మికత ఎంతో అణుశక్తి నియంత్రణ మండలి కొలిచి, ఆ ఊరి భాషలో గ్రామసభ ముందు పెట్టాలి. ఇళ్లకు, రోడ్లకు ఆ చిట్టెం వాడడం ఆపాలి. కొలిమి దగ్గర పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు క్రమం తప్పకుండా వైద్య పరీక్షలు జరగాలి.

నాలుగు, సెప్టెంబరు మెమొరాండంను ఉపసంహరించుకోవాలి. కనీసం అయిదో షెడ్యూల్ ప్రాంతాల్లో కీలక ఖనిజాలకు కూడా గ్రామసభ సమ్మతి తప్పనిసరి చేయాలి.

అయిదు, ఈ–వ్యర్థాల ప్రోత్సాహకాల్లో స్క్రాప్ కార్మికుల సంఘాలకు విడిగా వాటా ఉండాలి. ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక నిధులతో పొగ బయటికి రాకుండా సోల్డర్ కరిగించే సామూహిక కేంద్రాలు పెట్టాలి. తగరాన్నీ ధ్రువపత్రాల లెక్కలో చేర్చాలి.

ఇందులో ఏదీ కొత్త కోరిక కాదు. మొదటిది 1997 తీర్పులోనే ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ఆదివాసీ, దళిత సంఘాలు బస్తర్ తగరాన్ని తమ అజెండాలోకి తీసుకోవాలని కోరుతున్నాం. అదే జాబితాలో మన రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల ఖనిజాలూ ఉన్నాయి. మెమొరాండం వాటికీ వర్తిస్తుంది.